డాష్‌క్యామ్ పెట్టించాక కొండమీద రెండు రాత్రులకే బ్యాటరీ డౌన్: ఎర్ర వైరు చూడండి

డాష్‌క్యామ్ (కారు ముందద్దం దగ్గర పెట్టే రికార్డింగ్ కెమెరా) పెట్టించాక బ్యాటరీ డౌన్ అయింది, మార్చాలా అని ఒకరు అడిగారు. బ్యాటరీ మార్చకండి. డాష్‌క్యామ్ బిగించిన వారానికే తిరుమల పార్కింగ్‌లో కారు స్టార్ట్ కాలేదన్నారు కాబట్టి, కెమెరా ఎర్ర వైరును ఎప్పుడూ కరెంటుండే ఫ్యూజుకు కలిపి ఉంటారు. తాళం తీసినా కెమెరాకు బండి ఆగినట్టు తెలియదు, రాత్రంతా రికార్డు చేస్తూనే ఉంటుంది.

1. కెమెరాను ఫ్యూజులకు కలిపే చాలా కిట్లలో పసుపు వైరు బ్యాటరీకి, ఎరుపు ఏసీసీకి (తాళం తిప్పితేనే కరెంటొచ్చే లైను), నలుపు ఎర్త్‌కి. మీ కిట్ కాగితంలో సరిచూసుకోండి.

2. అందరూ వదిలేసేది ఇదే. తాళం తీసి, తలుపులు లాక్ చేసి, పది నిమిషాలాగి ఎర్ర వైరున్న ఫ్యూజుకు మల్టీమీటర్ (వోల్టులు కొలిచే మీటరు) పెట్టండి. తొందరపడి వెంటనే చూస్తే మోసపోతారు, కొన్ని కార్లలో కాసేపు కరెంటు నిలుస్తుంది. అప్పటికీ 12 వోల్టులు చూపిస్తే అది తప్పు ఫ్యూజు. ఆఫ్‌లో సున్నా, ఆన్‌లో 12 చూపేదానికి మార్చండి. ఎయిర్‌బ్యాగ్ ఫ్యూజు మాత్రం అస్సలు ముట్టుకోవద్దు.

3. కటాఫ్ (బ్యాటరీ ఎంతకు పడితే కిట్ కెమెరాను ఆపాలో ఆ సెట్టింగ్) 12.4 వోల్టులకు పెట్టండి. 11.8 అయితే కెమెరా ఆగేసరికి స్టార్టర్‌కు ఏమీ మిగలదు.

డౌన్ అయిన బ్యాటరీ అలిపిరి దాకా వెళ్లొస్తే నిండదు. ఛార్జర్ పెట్టించండి, లేదంటే చిత్తూరు దాకా ఒకసారి నడపండి.

ఇంకా కెమెరా మార్చే ఆలోచనుంటే, మన తిరుపతి ఎండకు లోపల లిథియం బ్యాటరీ ఉన్నది వద్దు, దాని బదులు కెపాసిటర్ (కాస్త కరెంటు దాచుకునే భాగం) ఉన్నది తీసుకోండి.