తరగతిలో నవ్వు వినబడితే

చిరంజీవి శిరీషకు,

పెద్దమ్మ ఆశీస్సులు. బోర్డు వైపు తిరగ్గానే ఎనిమిదో తరగతి పిల్లలు నవ్వుతున్నారని, ఎలా ఆపాలో తెలియక టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆపేముందు అది ఏ నవ్వో కనిపెట్టమ్మా.

నువ్వు తిరగ్గానే వినబడేది చాలావరకు నీ మీద నవ్వు కాదు. మనిషి ఒంటరిగా ఉన్నప్పటికంటే నలుగురిలో ఉన్నప్పుడు 30 రెట్లు ఎక్కువ నవ్వుతాడని రాబర్ట్ ప్రొవైన్ అనే అమెరికా శాస్త్రవేత్త గమనించాడు. అదీ జోకులకు కాదు, ఎక్కువగా మామూలు మాటలకే. పక్కపక్కన కూర్చున్న పదమూడేళ్ళ పిల్లలకు ఇంకో కారణం కావాలా? దాన్ని పోనీ. ఒక నిమిషంలో అదే సద్దుమణుగుతుంది.

వదలకూడనిది వెక్కిరింపు నవ్వు. ఒక పిల్లాడు లేచి పాఠం చదువుతూ ఒత్తక్షరం దగ్గర తడబడతాడు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమంటారు. వాడి చెవులు ఎర్రబడతాయి, పుస్తకం ముఖానికి దగ్గరవుతుంది, ఆ తర్వాత వాడూ నవ్వేస్తాడు. చూశావా, వాడు సరదాగానే తీసుకున్నాడని అనుకుంటాం. కాదు, అది నవ్వులపాలైనవాడు పరువు కాపాడుకునే నవ్వు. ఆ క్షణంలో "ఎవరు నవ్వింది?" అని అరవకు. అరిస్తే క్లాసంతా మళ్ళీ వాడినే చూస్తుంది. "ఆ వాక్యం అందరం కలిసి చదువుదాం" అను. గొంతులు కలిశాక వాడి గొంతు కూడా లేస్తుంది. నవ్వినవాడితో బెల్లు కొట్టాక, విడిగా మాట్లాడు.

తిడుతుంటే నవ్వే పిల్లలుంటారు. "పళ్ళికిలించకు" అని ఇంకో రెండు అంటించాలనిపిస్తుంది. ఆగు. అది పొగరు కాకపోవచ్చు, భయం కావచ్చు. 1962 జనవరిలో టాంగన్యికాలో, అంటే ఇప్పటి టాంజానియాలో, కషాషా ఊరి ఆడపిల్లల బోర్డింగ్ స్కూల్లో ముగ్గురికి మొదలైన నవ్వు 159 మందిలో 95 మందికి పాకింది. మధ్యమధ్యలో ఏడుపు కూడా. మార్చిలో బడి మూసేశారు. డాక్టర్లు వెతికితే జబ్బూ దొరకలేదు, విషమూ దొరకలేదు. మనసు మీది ఒత్తిడే కారణమని తర్వాత చాలామంది తేల్చారు. టీచర్లలో ఒక్కరికీ అంటలేదట. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ దిగులేస్తుంది.

ఇక నీ నవ్వు. భరతుడు నాట్యశాస్త్రంలో నవ్వును ఆరు రకాలు చేశాడు, పళ్ళు కనబడని స్మితం నుంచి పక్కలు పట్టుకుని నవ్వే అతిహసితం దాకా. ఆరూ నవ్వు, నాకేం అభ్యంతరం లేదు. "నవ్వు నాలుగు విధాల చేటు" అని ఆడపిల్లల నోరు మూయించినవాళ్ళ మాట మాత్రం నీ క్లాసులోకి రానివ్వకు. కానీ ఒక పిల్ల నల్లగా ఉందనో, ఒకడు లావుగా ఉన్నాడనో నువ్వు ఒక్క మాట అని క్లాసును నవ్వించావనుకో, ఆ మాటే వాళ్ళకు పేరైపోతుంది. పదో తరగతి దాటినా వదలదు.

అందరూ పకపకా నవ్వుతుంటే పెదవి కూడా కదపని పిల్ల ఎవరైనా ఉందేమో చూడు. ఉంటే మధ్యాహ్న భోజనం వేళ పక్కన కూర్చుని ఇంటి సంగతులు అడుగు. ఒక్క రోజులో చెప్పదు, మర్నాడు కూడా కూర్చో.

దసరా సెలవులకు తప్పకుండా రా.

మీ పెద్దమ్మ