కళ్లు మెల్లగా మూసి తెరిస్తే పిల్లి ఏం చెబుతున్నట్టు?

"మా పిల్లి దూరంగా కూర్చుని నన్నే చూస్తూ రెప్పలు మెల్లగా వాల్చి తెరుస్తోంది. నిద్రొస్తోందా, ఏమైనా చెబుతోందా?" అని అడిగారు. చెబుతోందండీ. మీ దగ్గర తనకి భయం లేదంటోంది.

మా ఇంట్లో ఆరేళ్లుగా చారల పిల్లి ఉంది, పేరు చిట్టి. వానల్లో అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో స్కూటర్ కింద దొరికింది. మొదటి రెండు వారాలు బీరువా వెనకే. చేప కలిపిన అన్నం పెడితే మేం పడుకున్నాకే తినేది. నేను నేలమీద బోర్లా పడుకుని, ఆ సందులోంచి దాని కళ్లలోకే చూస్తూ పిలిచేదాన్ని. పిలిచేకొద్దీ ఇంకా లోపలికి ముడుచుకుపోయేది. పిల్లుల మధ్య రెప్ప వేయకుండా చూడటమంటే కయ్యానికి కాలు దువ్వడమే. గోడ మీద రెండు గండుపిల్లులు ఎదురుపడ్డప్పుడు గమనించండి, కొట్లాట మొదలయ్యేది చూపులతోనే.

సంగతి తెలిశాక పక్కకి తిరిగి కూర్చోవడం మొదలుపెట్టాను. కళ్లు సగం వాల్చి, ఓ క్షణం పూర్తిగా మూసి, నెమ్మదిగా తెరిచేదాన్ని. నాలుగైదు రోజులు ఏమీ లేదు. ఒక సాయంత్రం బీరువా వెనక చీకట్లో మెరుస్తున్న ఆ రెండు పచ్చటి చుక్కలు సన్నబడ్డాయి, ఆరిపోయాయి, మళ్లీ వెలిగాయి. ఆ రాత్రి మొదటిసారి నా ఎదురుగా వచ్చి తింది.

2020లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ యూనివర్సిటీ పరిశోధకులు దీన్ని పరీక్షించి చూశారు. పెంచుకునేవాళ్లు ఇలా కళ్లు వాల్చి తెరిస్తే పిల్లులూ బదులుగా అలాగే చేయడం పెరిగింది. కొత్త మనిషి చేసినా, ఏ భావమూ లేకుండా కూర్చున్నప్పటికంటే ఎక్కువగా చాచిన చేతి దగ్గరికి వచ్చాయి. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడటం లేదనుకుంటుందని మన సామెత. నాకైతే, పక్కన మనిషి ఉన్నా కళ్లు మూసుకోగలిగిందంటే ఆ మనిషిని నమ్మిందనే అనిపిస్తుంది.

గొంతు విషయానికొస్తే, "మ్యావ్" అనేది పిల్లకూనలు తల్లిని పిలిచే పిలుపు. పెద్దయ్యాక తమలో తాము అలా పిలుచుకోవడం అరుదు, మనుషుల కోసమే దాచుకుంటాయి. నేను తలుపు తీయగానే చిట్టి నోరు తెరవకుండానే "మ్ర్‌ర్" అంటుంది, అది పలకరింపు. ట్యూబ్‌లైట్ పక్కన బల్లి కనబడితే దవడ వణికిస్తూ "కెకెకె" అంటుంది. తెల్లవారుజామున ఆకలేస్తే ఇంకో రకం: గురగుర మధ్యలో సన్నటి ఏడుపులాంటి తీగ ఉంటుంది, ఎంత నిద్రలో ఉన్నా లేవాల్సిందే. ఈ రకం గురగురని 2009లో అదే యూనివర్సిటీలో పరిశీలించారు. అందులో పసిపిల్లల ఏడుపు స్థాయికి దగ్గరగా ఉండే ధ్వని కలిసి ఉందని తేలింది.

ఒక్క మాట మాత్రం జాగ్రత్తగా వినండి. పోయిన ఏడాది చిట్టి ఒళ్లో పడుకుని గురగురమంటూ కళ్లు చికిలిస్తుంటే ముద్దు చేస్తోందనుకున్నాను. మర్నాటికి ఎడమ కన్ను మాత్రమే మూస్తోంది, నీరు కారుతోంది, లోపలి మూలనుంచి తెల్లటి పొర సగందాకా వచ్చింది. అది పిల్లులకుండే మూడో రెప్ప. పశువుల డాక్టర్ చూసి నల్లగుడ్డు మీద గీత పడిందన్నారు. చుక్కల మందు వేస్తే తగ్గింది. నొప్పిలోనూ పిల్లులు గురగురమంటాయని అప్పుడే తెలిసింది. ప్రేమతో మూసే కళ్లు రెండూ ఒకేలా, వదులుగా వాలతాయి. బిగించి చికిలించినా, ఒక్క కన్నే మూసినా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఇంట్లో ఉన్న మనుషుల కంటి చుక్కలు మాత్రం వేయకండి. స్టెరాయిడ్ ఉన్నవైతే గాయం ముదురుతుంది.

మీ పిల్లి రెండు కళ్లూ వాలుస్తోందంటున్నారు కాబట్టి ఈ సాయంత్రం మీరూ బదులివ్వండి. అది తిని, ఒళ్లు నాక్కుని, తీరిగ్గా కూర్చున్న వేళ చూసి రెండు మూడు అడుగుల దూరంలో కూర్చోండి. కళ్లు వాల్చి తెరిచి, చూపు పక్కకి తిప్పుకోండి. అది లేచి వెళ్లిపోతే వెంటపడకండి, రేపు మళ్లీ ప్రయత్నించండి.