కొల్లేరులో సరస్సు ఏది, చేపల చెరువు ఏది?

ప్రశ్న: కొల్లేరు ప్రాంతపు సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలతో కళాశాల ప్రాజెక్టు చేస్తున్నాను. తవ్విన చేపల చెరువులను సహజమైన సరస్సు నుంచి వేరు చేయాలని రంగును బట్టి ప్రోగ్రాం రాస్తే, అది రెండింటినీ కలిపి ఒకే నీటిముద్దగా చూపిస్తోంది. వేరే దారి ఉందా?
— ఒక విద్యార్థిని, ఏలూరు

జవాబు: రెండు చోట్లా ఉన్నది నీరే కాబట్టి రంగును అంతకు మించి అడగలేము. ఆకుపచ్చ, సమీప పరారుణ కాంతులను పోల్చే సూచిక నీటిని నేల నుంచి విడదీస్తుందే గాని, ఆ నీటిని ఎవరు నిలిపారో చెప్పదు. ఆ సంగతి గట్టు చెబుతుంది. సరస్సు అంచును దగ్గరగా చూసేకొద్దీ వంకరలో మరో వంకర బయటపడుతుంది. చెరువు గట్టు ఎంత దగ్గరగా చూసినా తిన్నగానే సాగి, మూలలో దాదాపు లంబకోణంలో తిరుగుతుంది. ఇలా వంకరలో వంకర ఉండే ఆకారాలను ఫ్రాక్టల్ అంటారు; సహజ దృశ్యాల గరుకుదనాన్ని ఆ ఫ్రాక్టల్ లెక్కతో వర్ణించవచ్చని కంప్యూటర్ పరిశోధకుడు అలెక్స్ పెంట్లాండ్ 1984లోనే చూపించారు.

తిన్నని గీతలను పట్టుకోవడానికి హఫ్ పద్ధతి వాడండి. అణుకణాల జాడలను ఫొటోలలో గుర్తించడం కోసం పుట్టిన ఈ పద్ధతికి 1962లో పేటెంటు వచ్చింది. ఇందులో అంచు మీది ప్రతి చుక్కా తన గుండా పోగల గీతలన్నిటికీ ఒక్కో ఓటు వేస్తుంది. గట్టు మీది చుక్కల ఓట్లు ఒకే గీతకు పోగుపడతాయి, సరస్సు ఒడ్డువి చెదిరిపోతాయి.

మీ పొరపాటు బహుశా ఇక్కడ జరిగి ఉంటుంది: మీ చిత్రంలో ఒక పిక్సెల్ 10 మీటర్లు. గట్టు అంతకంటే సన్నగా ఉంటే మట్టీ నీరూ కలిసి మసక గీతగా మిగులుతుంది, కనుక ముందే నీరు, నేల అని రెండుగా కోసేస్తే గట్టు నీటిలో కలిసిపోతుంది. అందుకే అంచులను మూలచిత్రంలోనే వెతకండి. నమూనాలు చూసి తానే నేర్చుకునే ప్రోగ్రాం అయిన న్యూరల్ నెట్‌వర్కుకు నేర్పించడం ఆ తరువాతి మాట. దానికి చూపించాల్సిన నమూనాలలో గట్లను మీరే చేత్తో గీయవలసి ఉంటుంది.

గీత దొరికినంత మాత్రాన చెరువు దొరికినట్టు కాదు. చేపల చెరువులను తొలగించిన కొల్లేరు ప్రక్షాళనలో అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదు అడుగుల ఎత్తును చూపే సరిహద్దు గీత) లోపల తెగగొట్టిన గట్ల మిగులు కూడా తిన్నగానే ఉండవచ్చు కాబట్టి, నాలుగు వైపులా మూసుకున్న ఆకారమేనా అని చూడాలి. గుర్రపుడెక్క కమ్మిన చోట అంచే కనిపించదు. అలాంటి చోట్ల ఒక్క చిత్రాన్ని నమ్మకుండా, ఏడాది పొడవునా తీసిన చిత్రాలను వరుసగా పేర్చి చూడండి. వేసవిలో సరస్సు ఒడ్డు నుంచి లోపలికి కుంచించుకుపోతుంది. పట్టుబడికి నీళ్లు తోడేసిన చెరువు మాత్రం, చుట్టుపక్కల చెరువులన్నీ నిండుగా ఉండగా, తానొక్కటే నలుపలకల గడిలా ఎండి కనిపిస్తుంది.