మూడో వంతు మైలు మట్టి ట్రాక్‌కి 5.83 గేరా, 6.20 గేరా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండీ: సెకండ్‌హ్యాండ్‌లో మోడిఫైడ్ (మట్టి ట్రాక్ రేసుల్లో ఒక తరగతి) కారు కొన్నారు. వెనక ఫోర్డ్ 9 అంగుళాల రియర్ ఎండ్ (వెనక చక్రాల్ని తిప్పే యాక్సిల్, గేర్ల పెట్టె) ఉంది. 5.83, 6.20 అని రెండు సెంటర్ సెక్షన్లు (దాని మధ్యలో బిగించే గేర్ల ముద్ద) కూడా వచ్చాయి. ఆ నంబరే గేరు రేషియో, అంటే చక్రం ఒక్క చుట్టు తిరగడానికి ఇంజను వైపు నుంచి వచ్చే డ్రైవ్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలో అది. మీ ఊరి ట్రాక్ ఒక చుట్టు మూడో వంతు మైలు. మొదటి రాత్రికి ఏది బిగించాలి?

నేను డ్రైవర్ని కాను. అమెరికాలో అయోవా రాష్ట్రం ఏమ్స్‌లో ఎమ్మెస్ చదివేటప్పుడు పక్కనే ఉన్న బూన్ స్పీడ్‌వేకి సరదాగా వెళ్ళేవాణ్ణి. అదీ మూడో వంతు మైలే, ఏటా సెప్టెంబరులో ఐఎంసీఏ (ఈ రేసుల సంస్థ) సూపర్ నేషనల్స్ జరిగేది అక్కడే. ఆ సరదా ముదిరి నాలుగు సీజన్లు ఒక మోడిఫైడ్ టీముకి రెంచీలు తిప్పాను. గేరు లెక్కలన్నీ నా నెత్తినే ఉండేవి.

ముందు లెక్క చూద్దాం. టాప్ గేరు డైరెక్ట్ (ఇంజను ఎన్ని చుట్లో డ్రైవ్ షాఫ్టూ అన్నే) కాబట్టి మధ్యలో ట్రాన్స్‌మిషన్ గొడవ ఉండదు. గంటకు ఎన్ని మైళ్ళో దాన్ని 1056తో, ఆపైన గేరు రేషియోతో గుణించి, టైరు చుట్టుకొలత అంగుళాల్లో ఎంతో దానితో భాగిస్తే ఇంజను ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) వస్తుంది. స్పూల్ (రెండు యాక్సిల్స్‌నీ ఒకటిగా బిగించే ముక్క) వల్ల రెండు వెనక చక్రాలూ కలిసే తిరుగుతాయి కాబట్టి రెండు టైర్ల సగటు తీసుకోండి. మాకు ఎడమది 83, కుడిది 85, సగటు 84. స్ట్రెయిట్ చివర 85 మైళ్ళ వేగం దగ్గర 5.83తో సుమారు 6,230, 6.20తో 6,625 వస్తుంది. మలుపు మధ్యలో 55 మైళ్ళకి దిగినప్పుడు 4,030, 4,290. అంటే రేషియోలో 0.1 తేడాకి స్ట్రెయిట్ చివర దాదాపు వంద ఆర్‌పీఎం. టైరు చుట్టుకొలత రెండు అంగుళాలు మారినా గేరు 0.14 మార్చినంత పని అవుతుంది. అందుకే రేసుకి వెళ్ళే గాలి పెట్టాక టేపుతో కొలవండి, టైరు మీద రాసింది చూసి కాదు.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. మేమూ వేశాం. మొదటి సీజన్లో ఒక రాత్రి 6.20తో హీట్ రేసు (అసలు రేసుకి ముందు జరిగే చిన్న రేసు) నడిపాం. ట్రాక్ ఎండి గచ్చులా నున్నగా అయిపోయింది. కారు లోపలికి వచ్చాక టాకోమీటర్ (ఆర్‌పీఎం చూపే మీటరు) మెమరీ చూస్తే 7,200! మా ఇంజనుకి 7,000 దాటితే భయం. నాకు టెన్షన్ పట్టుకుంది. గేరు ఎక్కువైందని తేల్చేసి, ఫీచర్ రేసుకి, అంటే ఆ రాత్రి అసలు రేసుకి, ముందు ఉన్న కాస్త టైములో యాక్సిల్స్ లాగి, డ్రైవ్ షాఫ్ట్ విప్పి, పది నట్లు ఊడదీసి 5.83 ఎక్కించాం. కాలుతున్న గేరాయిల్‌తో చేతులు బొబ్బలెక్కాయి. ఈలోగా ట్రాక్ వాళ్ళు ట్యాంకర్‌తో నీళ్ళు కొట్టి మట్టిని మళ్ళీ తయారుచేశారు. ఫీచర్ మొదలయ్యేసరికి దమ్ము చేసిన మడి కాస్త ఆరితే ఎలా ఉంటుందో అలా ఉంది, టైరు అతుక్కుపోతోంది. మలుపు నుంచి బయటికొచ్చే ప్రతిసారీ మా కారు ఎడ్లబండిలా మూలిగింది. పచ్చజెండా పడ్డాక ఏడో స్థానం నుంచి వెనక్కే పోయాం.

తప్పు ఎక్కడుందో ఇంటికెళ్ళి లెక్క వేస్తే తెలిసింది. 6.20తో 85 మైళ్ళకి 6,625 రావాలి. ఆ పైన కనబడిన ఐదొందల చిల్లర వేగం కాదు, రెండో మలుపు దాటాక చక్రం ఊరికే తిరిగిన తిరుగుడు. నీళ్ళు పడి పట్టు దొరకగానే అది మాయమైంది. మా ఇంజను 4,200 కిందికి దిగితే చచ్చుబడుతుంది. 5.83 మమ్మల్ని సరిగ్గా ఆ గుంతలోకే దింపింది. టాకో మెమరీ అత్యధిక అంకెనే చెబుతుంది. అది ట్రాక్‌లో ఎక్కడ వచ్చిందో, ఎందుకు వచ్చిందో చెప్పదు. ఆ తర్వాత డ్యాష్ కనబడేలా చిన్న కెమెరా బిగించాం. మలుపు మధ్యలో కనిష్ఠం ఎంత, స్ట్రెయిట్ చివర నిజంగా ఎంత, ఈ రెండే నోటుబుక్కులో రాసేవాళ్ళం, పక్కనే మట్టి తడిగా ఉందా, ఎండిందా అని. నా మటుకు నాకు కనిష్ఠమే ముఖ్యం.

మట్టి బాగా ఎండి చక్రం ఆగకుండా జారుతుంటే నంబరు తగ్గించడం మంచిదే, చాలామంది అలాగే చేస్తారు. కానీ మొదట్లో ఆ జారుడు డ్రైవర్ కాలి నుంచే ఎక్కువ వస్తుంది. గేరు మార్చే ముందు ఆయన్ని యాక్సిలరేటర్ నెమ్మదిగా తొక్కమనండి. క్విక్ చేంజ్ రియర్ ఎండ్ ఉన్నవాళ్ళకి ఈ బాధ తక్కువ. వెనక మూత తీసి రెండు చిన్న గేర్లు మార్చుకుంటారు, అవే రెండింటినీ తారుమారు చేస్తే ఇంకో రేషియో. మీకూ మాకూ ఆ భోగం లేదు. రేసుల మధ్యలో మార్చే ఆలోచన పెట్టుకోకండి.

మీ ఇంజను 7,000 దాకా తట్టుకునేదైతే నేను 6.20తోనే వెళ్తాను. 6,200 దగ్గర లిమిటర్ (అంతకు మించి తిరగనివ్వనిది) ఉన్న క్రేట్ ఇంజనైతే (ఫ్యాక్టరీ నుంచి తయారుగా వచ్చేది) 5.83. అదీ అంచునే ఉంటుంది. పావు మైలు ట్రాక్‌కి వెళ్తే నంబరు పెరగాలి, అర మైలుకి బాగా తగ్గాలి.

బిగించే ముందు ఒక పని చేయండి. అమ్మినాయన చెప్పిన నంబరు నమ్మకండి. వెనక చక్రాలు జాకీ మీద లేపి, టైరు మీద, డ్రైవ్ షాఫ్ట్ మీద సుద్దతో గీత పెట్టి, చక్రాన్ని ఒక్క చుట్టు తిప్పండి. షాఫ్ట్ ఆరు చుట్లకి కొంచెం తక్కువ తిరిగితే అది 5.83, ఆరు దాటి ఇంకో ఐదో వంతు తిరిగితే 6.20. మాకు 6.00 అని అమ్మింది ఇలా తిప్పి చూస్తే 5.83 అని తేలింది.