మొక్కల హార్మోన్లే చదువుతానంటున్న అమ్మాయికి ఏ కోర్సు మేలు?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా, పొగాకు సాగు. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తిచేసి, మొక్కల హార్మోన్ల మీద పరిశోధన చేస్తానంటోంది. ఆ చదువుకు భవిష్యత్తు ఉంటుందా?

జవాబు: ఆమె కోరిక మీ పొలానికి దూరమైనదేమీ కాదు. పొగాకు మొదళ్ల దగ్గర ఆకుపచ్చదనమే లేకుండా పైకి లేచే పొగాకు మల్లె అనే పరాన్నజీవి కలుపును మీరు ఏటా పీకించే ఉంటారు. దాని విత్తనం నేలలో ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉండి, పొగాకు వేరు విడిచే స్ట్రైగోలాక్టోన్ల వంటి రసాయనాలు తగిలినప్పుడే మొలకెత్తుతుంది. నిజానికి భాస్వరం తక్కువైన నేలలో, దాన్ని అందించే మైకోరైజా శిలీంధ్రాలను పిలుచుకోవడానికి మొక్క పంపే కబురు అది. కలుపు ఆ కబురును దొంగచాటుగా వింటుంది. ఈ కోవలో మొదటిదైన స్ట్రైగాల్‌ను 1966లో పత్తి వేళ్ల స్రావం నుంచి గుర్తించారు. శిలీంధ్రాలకు అది పిలుపని 2005లో, మొక్కలో కొమ్మలు ఎన్ని రావాలో నియంత్రించే హార్మోన్ కూడా అదేనని 2008లో తేలింది. నలభై ఏళ్ల పైచిలుకు ఒకే పదార్థం చుట్టూ ఇన్ని కొత్త సంగతులు బయటపడిన రంగంలో పని కరువవుతుందని నేను అనుకోను.

అయితే ఇప్పుడే హార్మోన్ల కోసం ప్రత్యేకమైన డిగ్రీని వెతకవద్దు. ఈఏపీసెట్ ర్యాంకు సహకరిస్తే నాలుగేళ్ల బీఎస్సీ అగ్రికల్చర్‌లో చేర్చి, తర్వాత ఎమ్మెస్సీలో ప్లాంట్ ఫిజియాలజీ (మొక్కల శరీరధర్మ శాస్త్రం) తీసుకోమనండి. వ్యవసాయ కుటుంబాల పిల్లలకు ప్రత్యేక కోటా ఉంది కాబట్టి భూమి పత్రాలు ముందే సిద్ధం చేసుకోండి. ఆ సీటు రాకపోతే బీఎస్సీ బాటనీ చేసి, సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష ద్వారా హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వంటి చోట ఎమ్మెస్సీకి, ఆపైన సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష రాసి పీహెచ్‌డీకి వెళ్లవచ్చు.

డిగ్రీతోనే ఈ రంగంలో పరిశోధన ఉద్యోగం రాదని మీరు ముందే తెలుసుకోవాలి. కనీసం ఆరేళ్ల చదువుకు ఇంట్లో అందరూ సిద్ధపడాలి. ఎమ్మెస్సీ అగ్రికల్చర్ తర్వాత పీహెచ్‌డీ కూడా పూర్తిచేస్తే ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) శాస్త్రవేత్తల పోస్టులకు ఏఆర్‌ఎస్ పరీక్ష రాయవచ్చు. విత్తన కంపెనీలతో పాటు టిష్యూకల్చర్ ల్యాబులలోనూ అవకాశాలుంటాయి: అరటి కణజాలానికి సైటోకైనిన్ అనే హార్మోన్ వాటా పెంచితే పిలకలు, ఆక్సిన్ అనే హార్మోన్ వాటా పెంచితే వేళ్లు వస్తాయి, ఆ పాళ్లు తెలిసినవారే అక్కడ కావాలి.

ఈ సెలవుల్లో నాలుగు పెసర మొలకలున్న గాజు కుండీని పక్కకు పడుకోబెట్టి, కాండం పైకి, వేరు కిందికి వంగడాన్ని రోజూ బొమ్మ గీసి నమోదు చేయమనండి. కింది వైపు చేరిన ఆక్సిన్ కాండంలో పెరుగుదలను పెంచి, వేరులో అదే పెరుగుదలను ఎందుకు తగ్గిస్తుందో ఆమె తనంతట తాను అడగడం మొదలుపెడితే, నిశ్చింతగా దరఖాస్తు చేయించండి.