నెలకు ఏడెనిమిది రోజులు తెరిచే అద్దె గదికి నెట్ కనెక్షన్ పెట్టించాలా?

మీ ప్రశ్న చదువుతుంటే అచ్చం నా కథే అనిపించింది. చిన్న అద్దె గది, వారానికి రెండు రోజులు వెళ్తారు, మెయిల్, రెండు మూడు పోర్టళ్లు, ఎప్పుడైనా ఒక వీడియో కాల్. ఈ మాత్రానికి నెలనెలా ఫైబర్ బిల్లు కట్టాలా, చవకలో ఇంకో దారి ఉందా అని అడిగారు. ఇప్పుడే కట్టకండి. ముందు రెండు నెలలు ఫోన్ మీద నడిపి చూడండి.

నాది గుంటూరు అరండల్‌పేటలో రెండో అంతస్తు గది. జీఎస్టీ, ఇన్‌కమ్‌ట్యాక్స్ రిటర్నులు వేస్తుంటాను. పని ఇంట్లోనే అవుతుంది గానీ, బిల్లుల కట్టలు పట్టుకొచ్చే షాపుల వాళ్లకు కూర్చోవడానికి ఒక చోటు ఉండాలి కదా. అమ్మకాల వివరాలిచ్చే రిటర్ను జీఎస్టీఆర్-1కి 11వ తేదీ, పన్ను లెక్క తేల్చి కట్టే రిటర్ను 3బీకి 20వ తేదీ గడువు. అంటే 9 నుంచి 11 దాకా, 17 నుంచి 20 దాకా, మొత్తం ఏడు రోజులు గది తెరుస్తాను. మిగతా నెలంతా తాళమే.

గది తీసుకున్న కొత్తలో గొప్పకు పోయి ఫైబర్ పెట్టించాను. 499 ప్లాను, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 589 రూపాయలు. ఆరు నెలలది ముందే కడితే ఇన్‌స్టలేషన్ ఉచితం అన్నారు, 3,533 కట్టాను. ఆరు నెలల్లో నేను గది తెరిచింది 42 రోజులు. రోజుకు 84 రూపాయలు పడింది. కింద హోటల్లో టిఫిన్, కాఫీ అయిపోయేవి ఆ డబ్బుతో.

డబ్బు సంగతి అలా ఉంచండి. నాలుగో నెల, 20వ తేదీ పొద్దున్నే మా వీధిలో కాలువ తవ్వుతూ తీగ తెంపేశారు. ఫోన్ చేస్తే 'రేపు మనిషిని పంపిస్తాం సార్' అన్నారు. మన గడువేమో ఇవాళ. 3బీ ఒక్క రోజు ఆలస్యమైతే ఒక్కో క్లయింటుకు 50 రూపాయలు లేటు ఫీజు, అది నా చేతి నుంచే పోతుంది. ఆ టెన్షన్‌లో ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి పని మొదలుపెట్టాను. సాయంత్రానికి పదకొండు రిటర్నులు వెళ్లిపోయాయి. ఆన్‌లైన్ సంతకానికి వాడే పెన్‌డ్రైవ్ లాంటి డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ కూడా ఏ పేచీ పెట్టలేదు. రాత్రి చూసుకుంటే అయిన డేటా 1 జీబీ కూడా లేదు. ఇంతోటి దానికా ఆరు నెలల డబ్బు పోశాను అనిపించింది.

అయితే హాట్‌స్పాట్ పెట్టడంలో కొంచెం నేర్పు ఉంది. గది మధ్యలో బల్ల మీద ఫోన్ పెడితే నాకు ఒక్క గీత సిగ్నల్ వచ్చేది. కిటికీ దగ్గర మూడు. అందుకని ఒక చిన్న గుడ్డ సంచిలో ఫోన్ వేసి కిటికీ చువ్వకు తగిలించి, అక్కడి నుంచి రెండు మీటర్ల యూఎస్‌బీ తీగ ల్యాప్‌టాప్‌కు లాగాను. సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ అని ఉంటుంది, అది ఆన్ చేస్తే వైఫైతో పని లేదు. నెట్ నిలకడగా వస్తుంది, ఫోన్ చార్జింగ్ కూడా ఎక్కుతుంది. మే నెలలో మాత్రం మధ్యాహ్నం ఎండ తగలకుండా సంచి పక్కకు జరపాలి, లేకపోతే ఫోన్ కాలిపోతుంది. ఒకసారి పాత ఫోన్‌ను ఇలాగే వారాల తరబడి చార్జింగ్‌లో వదిలేశాను. బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచిపోయింది. వెళ్లేటప్పుడు తీగ పీకేయండి.

ఇంకొకటి, విండోస్ అప్‌డేట్లు. హాట్‌స్పాట్ పెట్టిన మొదటి వారంలో ఒకరోజు పదకొండు గంటలకల్లా ఆ రోజుకిచ్చిన 1.5 జీబీ డేటా అయిపోయింది. ఏమిటా అని చూస్తే ల్యాప్‌టాప్ తన పాటికి తాను అప్‌డేట్ దించుకుంటోంది. ఆ తర్వాత వచ్చే 64 కేబీపీఎస్ వేగంతో పోర్టల్ లాగిన్ పేజీ కూడా తెరుచుకోదు. నెట్‌వర్క్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి 'మీటర్డ్ కనెక్షన్' ఆన్ చేసుకోండి, ఈ బాధ చాలావరకు తప్పుతుంది. వీడియో కాల్ గంటకు సుమారు 1 జీబీ తింటుంది, కెమెరా ఆపేస్తే చాలా తగ్గుతుంది.

5జీ ఫోన్ ఉంటే ఇంకో వెసులుబాటు. 2024 జులైలో రేట్లు పెంచినప్పటి నుంచి జియోలో రోజుకు 2 జీబీ, ఆపైన ఇచ్చే ప్లాన్లకు 5జీ డేటా అపరిమితం అన్నారు. కానీ గది లోపల 4జీకి పడిపోతే మళ్లీ లెక్క మొదలు. కాబట్టి రీచార్జ్ చేసే ముందు ఆ గదిలోనే నిలబడి చూసుకోండి, మెట్ల దగ్గర కాదు.

రెండో సిమ్ వేరే కంపెనీది ఉంచుకోండి. దానికి నెలనెలా రీచార్జ్ అక్కర్లేదు, అవసరం పడ్డ రోజున వేసుకోవచ్చు. కాకపోతే 90 రోజులు ఏమీ వాడకపోతే సిమ్ ఆగిపోయే ప్రమాదం ఉంది, మధ్యలో ఒకసారి కదిలిస్తుండాలి.

పక్క షాపు వైఫై అడుగుదామని మీకూ అనిపించే ఉంటుంది. నేనూ కింద ఒకాయనకు నెలకు వంద ఇచ్చి కొన్నాళ్లు వాడాను. మంచి మనిషే. కానీ ఆయన కొట్టు మూస్తే రూటర్ ఆగిపోయేది, ఆదివారం మన పని గోవిందా. పైగా ఆ నెట్ మీద ఏదైనా మోసం జరిగితే పోలీసులు ముందు అడిగేది కనెక్షన్ ఎవరి పేరున ఉందో వాళ్లనే. మన మూలంగా ఆయనకెందుకు తలనొప్పి, మన క్లయింట్ల పాస్‌వర్డ్‌లు ఆయన రూటర్ మీదుగా ఎందుకు?

గది తెరిచేది నెలకు పదిహేను రోజులు దాటినా, ఇద్దరు కూర్చుని పనిచేస్తున్నా, సీసీ కెమెరా పెట్టినా అప్పుడు ఫైబరే నయం. బీఎస్ఎన్ఎల్, ఏపీ ఫైబర్‌నెట్, మీ వీధి కేబుల్ ఆపరేటర్, ముగ్గురినీ అడగండి. ఎయిర్‌ఫైబర్ (5జీ సిగ్నల్ మీద వచ్చే నెట్) అయితే తీగ లాగే పని లేదు గానీ మేడ మీదో బయట గోడకో పెట్టె బిగించాలి, దానికి ఓనరు గారు ఒప్పుకోవాలి. డబ్బు కట్టేముందు రూటర్ ఎవరిది, మధ్యలో గది ఖాళీ చేస్తే మిగిలిన నెలల డబ్బు వెనక్కి ఇస్తారా, కొత్త అడ్రసుకు మారుస్తారా అన్నవి వాట్సాప్‌లో రాయించుకోండి. నాకు నోటిమాటే మిగిలింది, డబ్బు రాలేదు. మీకు జీఎస్టీ నంబరుంటే బిల్లు ఆ నంబరు మీదే తీసుకోండి, కట్టిన 18 శాతం ఇన్‌పుట్ క్రెడిట్‌గా వస్తుంది, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో అంత తగ్గుతుంది.