పాలపిట్టకి నేను చేసింది నువ్వు గద్దకి చేయొద్దు

చిట్టితల్లి శ్రావణికి,

పెదనాన్న ఆశీస్సులు. నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. "అన్నయ్యా, ఇది ఈసారి సంక్రాంతి పండక్కి ఊరికి రాదట. ఫ్రెండ్సుతో కలిసి హైదరాబాదులోనే ఉండి, గాలిపటాల మాంజా దారం తగిలి పడిపోయిన పక్షుల్ని ఆస్పత్రికి చేరుస్తుందట. నువ్వైనా నాలుగు మాటలు చెప్పు" అన్నాడు. వాడికి కావాల్సింది నేను నిన్ను తిట్టడం. నేనేమో ఫోన్ పెట్టేసి మీ పెద్దమ్మతో "మన పిల్ల చూశావా" అని రెండుసార్లు అన్నాను. ఆ తర్వాత పడుకుంటే నిద్ర పట్టలేదు. వాట్సాప్‌లో పెడితే సగం చదివి బొటనవేలు బొమ్మ పెడతావని కాగితం మీద రాస్తున్నాను.

ముందు నా భయం సంగతి. తీగ మీద వేలాడుతున్న పక్షి జోలికి వెళ్ళకు. ముప్పై ఎనిమిదేళ్ళు స్తంభాలెక్కినవాణ్ణి చెబుతున్నా. ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపేశామన్న హామీ) తీసుకుని, లైనుకి ఎర్త్ వేసిన తర్వాత గానీ మేమే చెయ్యి పెట్టేవాళ్ళం కాదు. పక్షులు రోజూ తీగల మీద కూర్చుంటాయి గదా అంటావేమో. రెండు కాళ్ళూ ఒకే తీగ మీద ఉన్నంతసేపే ఆ ధీమా. గద్ద రెక్క చాచినప్పుడు పక్క తీగకో, స్తంభానికి అడ్డంగా ఉండే ఇనప క్రాసార్ముకో తగిలిందంటే కాలిపోయి కింద పడుతుంది. నువ్వు డాబా మీద నిలబడి గడకర్రతో మాంజా లాగావనుకో, ఆ పక్క తీగవి నువ్వే. దారమే కదా అనుకోవద్దు. జనవరి మంచుకి తడిసిన దారం, దాని మీద పూసిన పొడి, కరెంటుకి అంతకంటే దారేం కావాలి? 1912కి ఫోన్ చేసి స్తంభం మీద నంబరు చెప్పు. చెట్టు మీదైతే ఫైర్ వాళ్ళకి, 101. వాళ్ళు వచ్చేలోపు అది చచ్చిపోతుందేమో. చచ్చిపోనీ. ఈ మాట రాయడానికి చెయ్యి రాలేదు, అయినా రాశాను. ఒక ఊళ్ళో కాకిని విడిపిద్దామని ఇనప చువ్వ పట్టుకుని డాబా ఎక్కిన పిల్లాణ్ణి కిందికి దించింది నేనే. ఇంతకంటే రాయను.

పిట్టగోడ కూడా ఎక్కకు.

ఇక కింద పడిన పక్షి. పాత తువ్వాలు ఒకటి ఎప్పుడూ బ్యాగులో ఉంచుకో. వెనక నుంచి వెళ్ళి తలతో సహా కప్పెయ్. కళ్ళకి చీకటైతే అది సగం నెమ్మదిస్తుంది. గద్ద ముక్కు చూసి భయపడతారు గానీ దాని బలమంతా గోళ్ళలో ఉంటుంది, కాళ్ళు ముందు అదుపులోకి తీసుకోవాలి. కొంగ అలా కాదు. మెడ ముడుచుకుని అమాయకంగా కూర్చుంటుంది, నువ్వు మొహం దగ్గరగా పెట్టగానే కంటికి గురిపెట్టి పొడుస్తుంది. నా ఎడమ కనుబొమ్మ మీద మచ్చ ఉందే, చిన్నప్పుడు నీకు పులి గీరిందని చెప్పేవాణ్ణి, అది గుడ్డికొంగ చేసిన పని. కళ్ళజోడు పెట్టుకో. రెక్కలు ఒంటికి ఆనేలా మడిచి పట్టుకో గానీ రొమ్ము మీద నొక్కకు. రొమ్మెముక కదిలితేనే వాటికి ఊపిరి ఆడుతుంది. గట్టిగా పట్టుకుంటే నీ చేతుల్లోనే పోతుంది.

మాంజా రెక్కలో దిగబడి ఉంటే లాగొద్దు. జానెడు దారం వదిలి కత్తిరించి, మిగతాది డాక్టరుకి వదిలెయ్. లాగితే కండరం కూడా తెగి వస్తుంది. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో కాసేపు అదిమి పట్టుకో, చాలు. పసుపు పెట్టమని ఎవరో ఒకరు అంటారు, కొబ్బరినూనె రాయమని ఇంకొకరు. నూనె అంటిన ఈకలు అతుక్కుపోయి చలికి కాపాడవు. వద్దని చెప్పు. నైలాన్ మాంజాని 2017లోనే పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ దేశమంతా నిషేధించింది. అయినా అమ్మేవాళ్ళు అమ్ముతున్నారు, కొనేవాళ్ళు కొంటున్నారు. నాకు కోపం వచ్చే విషయమిది, ఇక్కడే ఆపుతాను.

ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న వాటి అట్టపెట్టెలు నీ రూములో బోలెడు పడుంటాయిగా. నాలుగు కన్నాలు పెట్టి, అడుగున గుడ్డ పరిచి, అందులో పెట్టి మూసెయ్. ఇనప పంజరం వద్దు, కొట్టుకుని ఈకలు విరుగుతాయి. మూసిన పెట్టె తెరిచి చూడొద్దు. ఫొటోలు తీయొద్దు. నీళ్ళు తాగించొద్దు. ఈ చివరిది ఎందుకో చెప్పాలంటే 1986కి వెళ్ళాలి.

ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది. దసరాకి ముందు రోజు లైను తనిఖీకి వెళ్ళి వస్తుంటే గట్టు మీద, 11 కేవీ లైను కింద పాలపిట్ట కనిపించింది. మట్టిరంగులో ముడుచుకుని కూర్చుంది. నేను వంగగానే ఎగరబోయి ఒక్క రెక్క విప్పింది. అబ్బ, ఆ నీలం! రెండో రెక్క విప్పుకోలేదు. దసరాకి పాలపిట్టని చూస్తే మంచిదంటారు కదా, నాకు చేతికే దొరికింది. టవల్లో చుట్టి, సైకిల్ హ్యాండిల్‌కి తగిలించి ఇంటికి తెచ్చాను.

మీ నాన్నకి అప్పుడు పదేళ్ళు. వాడి సంబరం చెప్పలేను. కోళ్ళగంప కింద పెట్టాం. గంట తిరిగేసరికి వీధంతా మా వాకిట్లోనే. గంప ఎత్తడం, చూడడం, దణ్ణం పెట్టడం, ఇంకొకళ్ళు వచ్చి మళ్ళీ ఎత్తడం. ఒకావిడ కుంకుమ కూడా చల్లింది. అది నోరు తెరుచుకుని ఎగశ్వాస తీస్తోంది. భయంతో అలా చేస్తోందని ఇప్పుడు తెలుసు. మన మొహాలు దానికి దేవుడి మొహాలా? మింగడానికొచ్చిన పిల్లుల మొహాలు. నాకప్పుడు దాహమేమో అనిపించింది. మా అమ్మ ఉగ్గుగిన్నె తెచ్చింది, మీ నాన్నకి ఉగ్గు పట్టిన గిన్నే. దాన్ని ఒళ్ళో పెట్టుకుని, ముక్కు విప్పి, నీళ్ళు పోశాను. మొదటి గుక్క లోపలికి పోయింది. "తాగుతోందిరా" అని మీ నాన్నతో అన్నాను. రెండో గుక్కకి గొంతులో బుడబుడమంది. ముక్కు రంధ్రాల్లోంచి నీళ్ళు వచ్చాయి. తల విదిలించింది, విరగని రెక్క ఒకసారి పూర్తిగా చాచింది, అంతే.

మీ నాన్న ఆ పండగ రోజు అన్నం తినలేదు. వీధిలో వాళ్ళు ఆయుష్షు తీరిందన్నారు, నేనూ అదే అనుకుని సరిపెట్టుకున్నాను. రెండేళ్ళ తర్వాత సబ్‌స్టేషన్ దగ్గర కాపురమున్న పశువుల డాక్టరుగారితో మాటల్లో ఈ సంగతి చెప్పాను. ఆయన చచ్చిపోయిన కోడి నోరు విప్పి చూపించారు. నాలుక మొదట్లో చిన్న చీలిక. ఊపిరి గొట్టం అక్కడే మొదలవుతుంది. "మీరు నీళ్ళు పోసింది కడుపులోకి కాదు, ఊపిరితిత్తుల్లోకి" అన్నారు. ఆ పిట్టకి విరిగింది రెక్కే. దాన్ని చీకట్లో వదిలేసి, పొద్దున్నే ఈయన దగ్గరికి తీసుకెళ్ళి ఉంటే! ఆయన ఇల్లు మాకు నాలుగు కిలోమీటర్లు. ఈ సంగతి మీ నాన్నకి ఇప్పటికీ చెప్పలేదు. వాడు ఆయుష్షు తీరిందనే అనుకుంటున్నాడు. నువ్వూ చెప్పకు.

అందుకే నీళ్ళు పోయొద్దు, పాలు అసలే వద్దు, బ్రెడ్డు ముక్కలు పెట్టొద్దు. డాక్టరు చూసేదాకా ఆకలితో ఉంటే ఏమీ కాదు. మన నొప్పుల బిళ్ళ పొడి చేసి పెడదామన్న తెలివి ఎవరికైనా వస్తే కసురు. నా చిన్నప్పుడు ఊరి బయట గొడ్డు చస్తే రాబందులు గుంపుగా వాలేవి. డైక్లోఫెనాక్ అనే నొప్పుల మందు ఇచ్చిన గొడ్లని తిని అవన్నీ పోయాయి. 2006లో పశువులకి ఆ మందు ఆపారు, అప్పటికే ఆలస్యమైపోయింది.

ఈకలొచ్చిన పిల్ల పక్షి నేల మీద గెంతుతుంటే ఎత్తుకు రాకు, తల్లి దగ్గర్లోనే ఉంటుంది. ఈకలు రానిదైతే గూట్లో పెట్టెయ్, మనిషి ముట్టుకుంటే తల్లి రానివ్వదన్నది ఒట్టి మాట. ఒకేచోట నాలుగైదు చచ్చి పడుంటే ముట్టుకోకుండా పశుసంవర్ధక శాఖకి చెప్పు, బర్డ్ ఫ్లూ కావచ్చు. చేతులు సబ్బుతో కడుక్కో. బాగు చేసి మనమే పెంచుకుందాం అనుకోవద్దు, రామచిలకైనా సరే, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. జంతువుల్ని కాపాడే బ్లూక్రాస్ వాళ్ళ నంబరూ, అటవీశాఖ నంబరూ పండక్కి ముందే ఫోన్లో దాచుకో. భోగి నాడు వెతుక్కుంటే టెన్షన్.

నువ్వు పెట్టెలో పెట్టినవన్నీ బతకవమ్మా. రెండో మూడో నీ ఒళ్ళోనే పోతాయి. ఆ రాత్రి నాకు ఫోన్ చెయ్, ఎంత రాత్రైనా పర్లేదు. మీ నాన్నకి చేస్తే ఇంటికొచ్చెయ్యమంటాడు.

బస్సు పార్సిల్లో నా తోలు గ్లవ్స్ పంపిస్తున్నాను. నీకు వదులే, మణికట్టు దగ్గర రబ్బరు బ్యాండు వేసుకో. కుడిచేతి బొటనవేలు దగ్గర కుట్టు ఊడితే మీ పెద్దమ్మ మళ్ళీ కుట్టింది. అవి గద్ద గోళ్ళని ఆపుతాయి. కరెంటుని ఆపవు. పార్సిల్ అందగానే ఈ మాట నాకు తిరిగి చెప్పు, నువ్వు చదివావని తెలుస్తుంది.

మీ పెదనాన్న